జ్ఞాపకం దేనిమీద రాసి ఉంటుంది? ఒక ఆన్‌లైన్ కోర్సుపై సమీక్ష

జ్ఞాపకం శరీరంలో ఏ రూపంలో నిలిచి ఉంటుందన్న ప్రశ్నకు ప్లేటో కాలం నుంచి నేటిదాకా వచ్చిన సమాధానాల చరిత్రను 14 ఉపన్యాసాల్లో చెప్పే ఒక ఆన్‌లైన్ కోర్సును ఐదు వారాలపాటు విని ఇటీవలే పూర్తిచేశాను. ఒక్కో ఉపన్యాసం 40 నిమిషాలకు అటూ ఇటుగా ఉంటుంది. ప్రతిదానికీ నాలుగైదు పేజీల పాఠం, ఇంట్లో చేసి చూసుకోవలసిన ఒక అభ్యాసం, చివర పది ప్రశ్నల పరీక్ష ఉంటాయి. పాఠం చెప్పేది నాడీశాస్త్రంలో ఏళ్ల తరబడి పరిశోధన చేసి, ఆ తర్వాత విజ్ఞానశాస్త్ర చరిత్రవైపు మళ్లిన ఒక ఆచార్యురాలు. ప్రయోగశాలలో పనిచేసిన మనిషి చెబుతున్న చరిత్ర కావడమే ఈ కోర్సుకు పెద్ద బలం. ఆ బలం ఎక్కడెక్కడ కనబడిందో, ఎక్కడ సడలిపోయిందో చెప్పాలన్నదే నా ఉద్దేశం.

ప్రతి యుగమూ తన చేతిలో ఉన్న పనిముట్టునే జ్ఞాపకానికి పోలికగా తెచ్చుకుందని మొదటి ఉపన్యాసంలోనే చెప్పి, ఆ మాటనే దారంలా ఆమె చివరిదాకా లాక్కొస్తారు. మైనపు పలక, సూదులతో పొడిచిన గుడ్డ, కంపించే తీగ, హోలోగ్రామ్, కంప్యూటర్ ఇలా వరసగా వస్తాయి. మాట నిజమే కానీ, దానితోనే సరిపెట్టుకుంటే ఈ చరిత్ర అంతా వేషాలు మార్చుకుంటూ వచ్చిన ఒకే ఊహలా కనబడుతుంది. నా దృష్టిలో అసలు మలుపు పోలిక మారినప్పుడు రాలేదు, ఆ పోలిక తప్పో ఒప్పో తేల్చగల పరీక్ష దొరికినప్పుడు వచ్చింది. కోర్సులో మంచి ఉపన్యాసాలన్నీ ఈ రెండో సంగతి తెలిసి చెప్పినవే, పలచబడిన ఉపన్యాసాలన్నీ మొదటి సంగతి దగ్గరే ఆగిపోయినవి.

గ్రీకుల గురించిన భాగం నెమ్మదిగా, శ్రద్ధగా నడుస్తుంది. ప్లేటో రాసిన 'థియేటిటస్' సంభాషణలో మనసులో ఒక మైనపు ముద్ద ఉందనుకొమ్మని సోక్రటీసు అంటాడు. జ్ఞాపకానికి దేవత అయిన నెమోసిని ఇచ్చిన కానుక అది. మైనం మరీ మెత్తనైతే ముద్ర త్వరగా పడి త్వరగా చెరిగిపోతుంది, మరీ గట్టిదైతే అసలు సరిగా పడదు. అదే సంభాషణలో కాసేపటికే ఆ పోలిక చాలదని, పంజరంలో పిట్టలను పెంచుకోవడం వంటి మరో పోలికను తెస్తాడు. పిట్టలన్నీ మనవే అయినా, కావలసినప్పుడు కావలసిన పిట్ట చేతికి చిక్కాలి కదా. కలిగి ఉండటం వేరు, అందుకోగలగడం వేరు అన్న ఈ భేదాన్ని ఆమె ఇక్కడ గట్టిగా నాటుతారు, చివరి ఉపన్యాసంలో దాని అవసరం పడుతుంది. వింటున్నంతసేపూ నాకు మన 'గుర్తు' అన్న మాటే మెదులుతూ వచ్చింది. గోడమీద పెట్టే గీతా గుర్తే, మనసులో నిలిచే సంగతీ గుర్తే. రెండువేల ఏళ్లకు పైగా పండితులు వాదించుకున్న ముద్ర సిద్ధాంతాన్ని మనం 'గుర్తుంది' అన్న ప్రతిసారీ ఒప్పుకుంటూనే ఉన్నాం.

ఆ తర్వాత మెదడులో ద్రవంతో నిండి ఉండే గదుల సిద్ధాంతం. క్రీస్తు శకం 4వ శతాబ్దంలో నెమీసియస్ ముందు గదిలో ఇంద్రియ ప్రతీతులను, మధ్య గదిలో ఆలోచనను, వెనక గదిలో జ్ఞాపకాన్ని కూర్చోబెట్టాడు. 9వ శతాబ్దపు పండితుడు కుస్తా ఇబ్న్ లూకా మధ్య గదికీ వెనక గదికీ నడుమ పురుగు ఆకారంలో ఒక తలుపు ఉందన్నాడు. మనిషి ఏదైనా గుర్తు తెచ్చుకోవాలనుకున్నప్పుడు తల పైకెత్తడానికి కారణం ఆ దారి తెరుచుకోవడమేనన్నాడు. ఇది వినడానికి వింతగా ఉన్నా, తప్పు సిద్ధాంతమైనా, అందులో మంచి పరిశీలన ఉందని ఆచార్యురాలు గౌరవంగా చెప్పిన తీరు నాకు నచ్చింది. 1543లో శరీరనిర్మాణ శాస్త్రవేత్త వెసాలియస్ ఈ గదులు జంతువుల మెదళ్లలోనూ దాదాపు అలాగే ఉన్నాయని ఎత్తిచూపాక ఆ సిద్ధాంతానికి పట్టు తప్పడం మొదలైంది.

ఇక్కడే కోర్సులో మొదటి పెద్ద లోటు. గ్రీకు నుంచి అరబిక్‌కు, అరబిక్ నుంచి లాటిన్‌కు ఊహలు ప్రయాణించిన దారిని అంత వివరంగా చెప్పిన ఉపన్యాసం మన ప్రాచీన తర్క దర్శనాలవారైన న్యాయవైశేషికుల ఊసే ఎత్తలేదు. 'సంస్కారమాత్రజన్యం జ్ఞానం స్మృతిః' అన్న తర్కసంగ్రహ నిర్వచనం స్మృతిని కేవలం సంస్కారం నుంచి పుట్టే జ్ఞానంగా చెబుతుంది. అంతకన్నా ఆసక్తికరమైనది ఆ సంస్కారాన్ని వారు విభజించిన తీరు. వదిలిన బాణాన్ని ముందుకు తీసుకుపోయే వేగం ఒక సంస్కారం, వంచి వదిలిన కొమ్మను మళ్లీ యథాస్థితికి తెచ్చే స్థితిస్థాపకం ఒక సంస్కారం, అనుభవం మిగిల్చిన భావన ఒక సంస్కారం. బాణాన్నీ కొమ్మనూ జ్ఞాపకాన్నీ ఒకే కుదురులో చేర్చడమంటే, గతంలో జరిగినదాని ప్రభావం ప్రస్తుతంలో ఎలా నిలుస్తుందన్న ప్రశ్నను చాలా విశాలంగా అడగడమే. అయితే భావన ఉండేది ఆత్మలోనని వారు అన్నారు కనుక ఇది శరీరంలో దాగిన జ్ఞాపకపు సిద్ధాంతం కాదు, ఆధునిక నాడీశాస్త్రాన్ని వారు ముందే చెప్పేశారనడం సరికాదు. మైనాన్ని వాడకుండా ముద్ర గురించి ఆలోచించవచ్చని చూపడానికైనా ఒక పది నిమిషాలు దీనికి దక్కి ఉండాల్సింది.

17, 18 శతాబ్దాలు ఒకే ఉపన్యాసంలో గబగబా దాటిపోతాయి. ఆ ఉపన్యాసంలో ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ జ్ఞాపకానికి పోలికగా తెచ్చిన గుడ్డ మాత్రం మరచిపోలేనిది. సూదులు గుచ్చి తీసిన గుడ్డలో రంధ్రాలు కొంత తెరుచుకునే ఉంటాయి, మూసుకున్నా మళ్లీ తేలిగ్గా తెరుచుకుంటాయి. కలిసి తెరుచుకున్న రంధ్రాల్లో కొన్నింటిని తెరిస్తే మిగిలినవీ తెరుచుకోవచ్చు. ఒక సంగతి తలచుకోగానే దానితోపాటు జరిగిన మరో సంగతి ఎందుకు మెదులుతుందో చెప్పడానికి ఒక యాంత్రికమైన దారి దొరికింది. 1682లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీలో ఉపన్యసించిన రాబర్ట్ హుక్, జీవితకాలంలో ఎన్ని భావాలు పోగుపడతాయో లెక్కవేసి, అవన్నీ మెదడులో పట్టేందుకు చోటుందా అని ఆలోచించాడు. 1749లో డేవిడ్ హార్ట్లీ చెప్పిన, అనుభవం మెదడులో మిగిల్చే సన్నని కంపనాలకు ఒక వాక్యమే దక్కింది, అంతకంటే అవసరం కూడా లేదు.

అక్కడి నుంచి కోర్సు ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. ముద్రను చూడకుండానే దాన్ని కొలవవచ్చని 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ నిరూపించాడు. అర్థం లేని అక్షరాల గుంపులను సుమారు 2,300 తయారు చేసుకుని, వాటితో తన మీదనే ప్రయోగాలు చేశాడు. ఒక జాబితాను కంఠతా పట్టడానికి మొదటిసారి పట్టిన సమయంతో, కొంతకాలం తర్వాత మళ్లీ పట్టడానికి అవసరమైన సమయాన్ని పోల్చి, ఆదా అయినదాన్ని లెక్కగట్టాడు. ఒకరోజు తర్వాత దాదాపు మూడోవంతు, 31 రోజుల తర్వాత దాదాపు ఐదోవంతు ఆదా అయింది. ఈ ఉపన్యాసానికి ఇచ్చిన అభ్యాసం నేను తెలుగు అక్షరాలతో చేశాను. ఝిటు, ఖేము, ఢెబ వంటి 12 జంటలను కాగితంమీద రాసుకుని, తప్పు లేకుండా అప్పజెప్పేదాకా చదివాను. మొదటిరోజు 18 సార్లు చదవాల్సి వచ్చింది, మర్నాడు 11 సార్లు. 30 రోజుల తర్వాత కాగితం తీయకముందు రెండంటే రెండే నోటికి వచ్చాయి. తక్కినవి పూర్తిగా పోయాయనే అనుకున్నాను. అయినా ఈసారి 14 సార్లు చదివేసరికి అన్నీ వచ్చేశాయి. పోయాయనుకున్నవి నా లోపల ఏదో రూపంలో ఉండి ఆ నాలుగు సార్లను మిగిల్చాయన్నమాట. కోర్సులో చెప్పిన ఏ వాక్యమూ ఈ సంగతిని నాకు ఇంత దగ్గరగా తెలియజేయలేదు.

1894లో రాయల్ సొసైటీలో ఉపన్యసించిన రమోన్ ఇ కహాల్, నేర్చుకోవడం వల్ల నాడీకణాల మధ్య సంబంధాలు పెరగవచ్చన్న ఊహను ముందుకు తెచ్చాడు. 1904లో రిచర్డ్ సెమోన్ అనుభవం మిగిల్చే భౌతికమైన జాడకు 'ఎన్‌గ్రామ్' అని పేరు పెట్టాడు. పేరు ఉంది, ఊహ ఉంది, ఇక వెతకడమే మిగిలింది. ఆ వెతుకులాటను కార్ల్ లాష్లీ దాదాపు మూడు దశాబ్దాలు చేశాడు. ఎలుకలకు చిక్కుదారులు నేర్పి, మెదడు పైపొరలో ఒక్కోచోట ఒక్కో భాగం తీసివేసి, దారి మరిచిపోతాయేమో చూశాడు. ఏ భాగం తీశామన్నదానికన్నా ఎంత తీశామన్నదాని మీదనే ఎలుక తప్పులు ఆధారపడ్డాయి. 1950లో తన పరిశోధన సారాన్ని చెబుతూ, ఈ ఆధారాలన్నీ చూస్తుంటే నేర్చుకోవడమనేది అసలు సాధ్యం కాదనే అనిపిస్తుందని నిస్పృహతో రాశాడు. ఆచార్యురాలు ఇక్కడ ఎలుక పరుగెత్తే దారిని బల్లమీద సుద్దముక్కతో గీసి, అది చూపుతోనూ వాసనతోనూ మీసాల స్పర్శతోనూ కాళ్ల కదలికతోనూ ఆ దారిని ఏకకాలంలో నేర్చుకుంటుందని ఒక్కొక్కటిగా రాస్తూ పోతారు. ఒకటి పోయినా మిగిలినవి ఆదుకుంటాయి. జ్ఞాపకం అంతటా పరుచుకుని ఉందని లాష్లీకి అనిపించడానికి ఆయన ఎంచుకున్న పరీక్షే చాలావరకు కారణమని అర్థమవుతుంది. తప్పిన ప్రయోగం ఎక్కడ తప్పిందో ఇలా చేయిపట్టి చూపించగలగడం ప్రయోగశాలలో గడిపినవారికే సాధ్యం.

మొత్తం కోర్సులో నేను రెండుసార్లు విన్నది తొమ్మిదో ఉపన్యాసం. జ్ఞాపకం అణువుల్లోనే రాసి ఉంటుందని, దాన్ని ఒక జంతువు నుంచి మరో జంతువుకు ఎక్కించవచ్చని నమ్మిన కాలం అది. ప్లనేరియా అనే చదును పురుగులకు వెలుగు పడగానే విద్యుత్ షాక్ తగులుతుందని జేమ్స్ మెక్‌కానెల్ నేర్పాడు. అవి వెలుగుకే ముడుచుకోవడం మొదలుపెట్టాక, వాటిని ముక్కలుగా కోసి ఇతర ప్లనేరియాలకు తినిపించాడు. తిన్న పురుగులు మామూలువాటికన్నా త్వరగా నేర్చుకున్నాయని 1962లో ప్రకటించాడు. జన్యు సమాచారం డీఎన్‌ఏలో రాసి ఉంటుందని తేలి ఎంతో కాలం కాని రోజులవి. బతుకంతా అణువుల్లో రాసి ఉన్నప్పుడు అనుభవం మాత్రం ఎందుకు ఉండకూడదని ఆనాడు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. శిక్షణ పొందిన ఎలుకల మెదడు నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏతో (డీఎన్‌ఏకు దగ్గరి బంధువైన అణువు) జ్ఞాపకం బదిలీ అవుతుందన్న వాదాన్ని పరీక్షించి, తమకు ఆ ఫలితం రాలేదని 1966లో 23 మంది శాస్త్రవేత్తలు 'సైన్స్' పత్రికలో కలిసికట్టుగా ప్రకటించారు. ఆ తర్వాత కూడా జార్జెస్ ఉంగార్, చీకటికి భయపడేలా నేర్పిన ఎలుకల మెదడు నుంచి 15 అమైనో ఆమ్లాల పదార్థాన్ని వేరుచేసి 'స్కోటోఫోబిన్' అని పేరుపెట్టాడు. అదీ నిలవలేదు.

ఇదంతా నవ్వుకుని పక్కన పడేసే కథగా చాలామంది చెబుతారు. ఆమె అలా చెప్పలేదు. ఒక పురుగు ముడుచుకుందో లేదో చూసి చెప్పే మనిషికి, ఏ పురుగు శిక్షణ పొందిందో ముందే తెలిసి ఉంటే తీర్పు ఎలా ఒరిగిపోతుందో, ముందు పాకిన పురుగు వదిలిన జిగురు జాడ తర్వాతి పురుగు నడకను ఎలా మారుస్తుందో, షాక్ తిన్న జంతువు దేనికైనా ఉలిక్కిపడటాన్ని నేర్చుకోవడంగా పొరబడటం ఎంత సులభమో వివరంగా చెప్పారు. ఈ పాఠం చివర, 2018లో డేవిడ్ గ్లాంజ్‌మన్ బృందం అప్లీసియా అనే సముద్రపు నత్తల మధ్య ఆర్‌ఎన్‌ఏను బదిలీ చేసి, షాక్‌ల వల్ల పదునెక్కిన ప్రతిస్పందన రెండో నత్తలో కనబడిందని ప్రకటించిన సంగతిని, ఎటూ తీర్పు చెప్పకుండా, పాత జాగ్రత్తలన్నీ ఇక్కడా వర్తిస్తాయని మాత్రం గుర్తుచేసి ముగించారు.

హెన్రీ మొలైసన్ కథ చాలామందికి తెలిసినదే. మూర్ఛ తగ్గించడానికి 1953లో 27 ఏళ్ల వయసులో అతని మెదడుకు రెండువైపులా లోపలగా ఉండే హిప్పోకాంపస్ అనే భాగంలో చాలామటుకుతోపాటు దాని చుట్టుపక్కల కణజాలాన్ని తొలగించారు. ఆ తర్వాత కొత్త సంగతులేవీ అతని మనసులో నిలవలేదు. 2008లో మరణించేదాకా శాస్త్రపత్రాల్లో అతని పేరు హెచ్.ఎం. అనే రెండక్షరాలే. కోర్సు ఈ కథను కన్నీళ్లకోసం వాడుకోకుండా బ్రెండా మిల్నర్ పెట్టిన నక్షత్రం పరీక్ష దగ్గర ఆగుతుంది. అద్దంలో మాత్రమే చూస్తూ, రెండు గీతల మధ్య నక్షత్రం బొమ్మ గీయాలి. అభ్యాసంగా ఇచ్చిన కాగితం అచ్చువేసుకుని, నా చెయ్యి నాకు కనబడకుండా అట్టముక్క అడ్డుపెట్టి ప్రయత్నించాను. తిన్నని గీత ఎలాగో సాగుతుంది కానీ, మూల తిరగాల్సిన ప్రతిచోటా పెన్సిల్ ఎదురుదిక్కుకు పోతుంది, సరిచేయబోతే ఇంకా పక్కకు పోతుంది, మూడు నాలుగు నిమిషాలు ఒక్క మూలలోనే చిక్కుకుపోయాను. మూడురోజుల్లో నా చెయ్యి తేలికపడింది. మొలైసన్ చెయ్యి కూడా అలాగే మూడురోజుల్లో తేలికపడిందని, అయితే ఆ కాగితాన్ని ముందెప్పుడూ చూసినట్టే అతనికి తెలియదని అప్పటికే విని ఉన్నాను. చేతికి వచ్చే జ్ఞాపకం వేరు, జరిగిందని తెలిసే జ్ఞాపకం వేరు అని ఆ మూలలో చిక్కుకున్న పెన్సిల్ నాకు నేర్పింది.

నాడీకణాల మధ్య సంబంధాలు ఎప్పుడు బలపడతాయో 1949లో డొనాల్డ్ హెబ్ చెప్పిన సూత్రం, 1973లో ఓస్లో ప్రయోగశాలలో చేసిన పనిని బ్లిస్, లోమో ప్రచురించిన పత్రం, ఎరిక్ కాండెల్ నత్తలు పదకొండో ఉపన్యాసంలో వస్తాయి. మత్తు ఇచ్చిన కుందేలు హిప్పోకాంపస్‌లోకి వెళ్లే దారిని కొద్ది సెకన్లపాటు వేగంగా ప్రేరేపిస్తే, ఆ సంబంధం అరగంట నుంచి 10 గంటలదాకా బలపడి ఉండటాన్ని బ్లిస్, లోమో చూశారు. సుమారు 20,000 నాడీకణాలే ఉన్న అప్లీసియాలో, తాత్కాలికమైన జ్ఞాపకం ఉన్న ప్రోటీన్లలో మార్పులతో సరిపెట్టుకుంటుందని, దీర్ఘకాలం నిలిచేదానికి కొత్త ప్రోటీన్లు తయారై కొత్త సంబంధాలు మొలవాలని కాండెల్ వర్గం తేల్చింది. 2000లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఈ ఉపన్యాసం సరిగానే ఉంది కానీ ఇందులో ఒక తప్పుంది. కలిసి స్పందించే కణాలు కలిసి అల్లుకుంటాయన్న ఇంగ్లీషు ప్రాసవాక్యాన్ని హెబ్ మాటగా తెరమీద చూపించారు. అది 1990లలో కార్లా షాట్జ్ రాసిన మాట. హెబ్ అసలు వాక్యం పొడవైనది, అందులో ఒక కణం మరో కణాన్ని పదేపదే స్పందింపజేయడంలో పాలుపంచుకోవాలన్న షరతు ఉంది. కలిసి స్పందించడం ఒక్కటే దానికి చాలదు. ఈ తేడా తర్వాతి పరిశోధనలకు ముఖ్యమైనది కనుక ఈ తప్పును చిన్నదిగా తీసుకోలేను.

పన్నెండో ఉపన్యాసం 1984లో ఫ్రాన్సిస్ క్రిక్ వేసిన ప్రశ్నతో మొదలవుతుంది. మెదడులోని ప్రోటీన్లు కొన్ని రోజులు, వారాలు, మహా అయితే నెలలు ఉండి పోయేవైతే, వాటితో కట్టిన జ్ఞాపకం దశాబ్దాలు ఎలా నిలుస్తుంది? మైనపు పలక పోలిక కూలిపోయేది ఇక్కడే. మైనమే అణువు అణువునా మారిపోతుంటే ముద్ర దేనిమీద ఉన్నట్టు? పీకేఎం జీటా అనే ఎంజైము తనను తాను నిలబెట్టుకుంటూ ఈ పని చేస్తుందని టాడ్ సాక్టర్ బృందం ప్రతిపాదించింది. దాన్ని అడ్డుకునే పదార్థాన్ని ఎక్కిస్తే ఎలుకలు నేర్చుకున్న చోటును మరిచిపోయాయని 2006లో చూపింది. 2013లో రెండు వేర్వేరు బృందాలు ఆ ఎంజైము అసలే లేని ఎలుకలను పుట్టించి, అవీ మామూలుగానే నేర్చుకుంటున్నాయని ప్రకటించాయి. అది లేని ఎలుకల్లో దాని బంధువైన మరో ఎంజైము ఆ పనికి దిగుతుందని ఆ తర్వాత సమాధానం వచ్చింది. ఈ వాదప్రతివాదాలను ఒక్కో అడుగూ వేస్తూ నడిపించిన ఈ ఉపన్యాసం తొమ్మిదోదానికి ఏ మాత్రం తీసిపోదు.

2000లో నేడర్, షేఫ్, లెడూ ఎలుకలమీద చేసిన ప్రయోగాన్ని పదమూడోదాంట్లో చెబుతారు. గట్టిపడిపోయిందనుకున్న భయపు జ్ఞాపకం గుర్తుకు తెచ్చిన కాసేపటిదాకా మళ్లీ మెత్తబడుతుందని, ఆ సమయంలో కొత్త ప్రోటీన్ల తయారీని అడ్డుకుంటే అది దెబ్బతింటుందని వారు చూపారు. మనం పాత సంగతులను 'నెమరు వేసుకోవడం' అంటాం. మింగినదాన్ని మళ్లీ పైకి తెచ్చి, నమిలి, తిరిగి లోపలికి పంపడం. ముద్రకన్నా ఈ మాటే ఆ ప్రయోగానికి దగ్గరగా ఉందని నాకు అనిపించింది. అయితే ఈ ఫలితం ఏ జ్ఞాపకాల్లో కనబడుతుంది, ఎంత పాతవాటిలో కనబడదు అన్న చర్చ ఇందులో చాలా తక్కువ.

చివరి ఉపన్యాసం నన్ను నిరాశపరిచింది. 2012లో తొనెగావా ప్రయోగశాల, భయం నేర్చుకునేటప్పుడు పనిచేసిన కణాలను వెలుగుకు స్పందించేలా మార్చి గుర్తుపెట్టి, తర్వాత వేరే చోట వాటిమీద వెలుగు వేస్తే ఎలుక భయంతో బిగుసుకుపోయిందని చూపింది. ఆచార్యురాలు దీన్ని చెప్పి, లాష్లీ వెతికినది దొరికిందని గెలుపు స్వరంతో ముగించేస్తారు. అదే ప్రయోగశాల 2015లో చేసిన పనిని అసలు ప్రస్తావించలేదు. కొత్త ప్రోటీన్ల తయారీని మందుతో ఆపేసి, సంబంధాలు బలపడకుండా చేసి, మామూలుగా గుర్తు తెచ్చుకోలేని స్థితికి ఎలుకను తెచ్చాక కూడా, ఆ కణాలమీద వెలుగు వేస్తే భయం తిరిగి వచ్చింది. పోయిందనుకున్నది ఉండే ఉంది, అందకుండా ఉంది, అంతే. ప్లేటో పంజరంలోని పిట్టను రెండో ఉపన్యాసంలో అంత శ్రద్ధగా చూపించినవారు, దాన్ని మళ్లీ పిలవాల్సిన ఒకే ఒక్కచోట పిలవలేదు. అంతకన్నా ముఖ్యంగా, బలపడిన సంబంధమే జ్ఞాపకమా, ఏ కణం ఏ కణంతో కలిసి ఉందన్న అల్లికే జ్ఞాపకమా అన్న ప్రశ్న ఇప్పుడు బతికి ఉన్న ప్రశ్న. దాన్ని దాటవేసి చరిత్ర ముగిసిందని చెప్పడం, తప్పిపోయిన సిద్ధాంతాల పట్ల అంతవరకూ చూపిన నిజాయితీకి తగినది కాదు.

సేవ విషయానికొస్తే, వీడియో, ధ్వని బాగున్నాయి. ఉపశీర్షికలు యంత్రం తయారుచేసినవి కావడంతో ఎన్‌గ్రామ్ అన్న మాట వచ్చిన చాలాచోట్ల మరేదో మాట పడింది, శాస్త్రవేత్తల పేర్లయితే గుర్తుపట్టలేం. పాఠాల ప్రతి దగ్గరపెట్టుకుని వినడం మేలు. పరీక్షల్లో పది ప్రశ్నలకు ఏడెనిమిది సంవత్సరాలు, పేర్లు అడిగేవే. ఒక ప్రయోగం ఎందుకు తప్పిందో చెప్పమని అడిగే ప్రశ్న ఒక్కటీ లేదు. హెబ్ వాక్యం గురించి నేను రాసిన ఉత్తరానికి రెండు రోజుల్లో మర్యాదగా జవాబు వచ్చింది, సరిచేస్తామన్నారు, ఈ సమీక్ష రాసేనాటికి ఇంకా సరిచేయలేదు.

జీవశాస్త్రం ఇంటర్మీడియట్ దాకా చదివినవారికి ఈ కోర్సు పూర్తిగా అర్థమవుతుంది. నాడీశాస్త్రం ఇప్పటికే చదువుతున్నవారు మొదటి ఐదు ఉపన్యాసాలను, లాష్లీ గురించినదాన్ని, తొమ్మిది, పన్నెండులను తప్పక వినాలి, ఎందుకంటే తప్పులను ఇంత ఓపికగా చెప్పే చోటు పాఠ్యపుస్తకాల్లో నాకు కనబడలేదు. అభ్యాసాలను మాత్రం ఎవరూ వదిలేయవద్దు, ముఖ్యంగా అక్షరాల జాబితాను. కాగితాన్ని తారీఖు వేసి దాచిపెట్టి, నెల దాటేదాకా తీయకండి.